మొహం పడని పాసు

పాసు మీద మొహం ఉండాల్సిన చోట ఒక నల్ల మచ్చ ఉంది. జుట్టు, నుదురు, బుగ్గలు, గడ్డం అన్నీ కలిసిపోయి ఒకటే ముద్ద. దాని వెనక గోడ మాత్రం తెల్లగా, ఎంతో బుద్ధిగా అచ్చయింది. కింద పేరు, నంబరు, గీతల కోడు, పైన కంపెనీ గుర్తు, అన్నీ కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉన్నాయి. మనిషి తప్ప అన్నీ ఉన్నాయి.

“ఇలాంటివి తొమ్మిదండీ,” అన్నాడు పాసుల గుమాస్తా, వాటిని పేకముక్కల్లా బల్ల మీద పరుస్తూ. “నూట నలభై మందిలో తొమ్మిది. మిగతావన్నీ బానే వచ్చాయి. మిషన్‌కి వీళ్ళ మీద ఏం కోపమో తెలీదు.”

పార్సిళ్ళ గిడ్డంగి గేటు పక్కన, గదో పెట్టో అని అనుమానం వచ్చేంత ఇరుకు ఆఫీసు అది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, దాని పక్కన చీటీలు అచ్చేసే చిన్న ప్రింటరు, గోడకి ఆనించి ఫొటోలు తీసే స్టూలు. అద్దం కిటికీ అవతల కాపలా పెద్దాయన. పోయిన నెల ఎవరో ఇంకొకరి కార్డు మెళ్ళో వేసుకుని లోపలికొచ్చి రెండు పెట్టెలు మాయం చేశారు. దాంతో పైవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. వారానికో కొత్త పాసు, దాని మీద ఫొటో, గేటు దగ్గర ఫొటోని మొహం పక్కన పెట్టి చూడటం. పోలితే లోపలికి, పోలకపోతే ఇంటికి. ఇవాళ సోమవారం. రేపట్నుంచి పాత కార్డులు చెల్లవు.

ప్రింటరు బాగుచేయడానికి వచ్చినాయన్ని అందరూ స్పిరిట్ అనే పిలుస్తారు. ఆయన ఒంటి మీద స్పిరిట్ వాసన ఆదివారాలు కూడా పోదు. యాభై దాటినా చెయ్యి వణకదు. మూత ఎత్తి, పుల్లకి చుట్టిన దూదిని సీసాలో ముంచి, ప్రింటు హెడ్డు మీద ఎడమ నుంచి కుడికి ఒకే దిక్కుగా తుడిచాడు. అటూ ఇటూ రుద్దితే మురికి మళ్ళీ అక్కడే చేరుతుంది. దూదికి ఒక్క చార కూడా అంటలేదు. అయినా పద్ధతి ప్రకారం ఆరడానికి రెండు నిమిషాలాగి, రోలరు తుడిచి, కాగితం చుట్ట తీసి మళ్ళీ బిగించి, ఇంకో పాసు తీశాడు. మళ్ళీ మచ్చే.

“టెస్టు పిల్లని తియ్యండి,” అన్నాడు గుమాస్తా. ప్రింటరు బిగించిన రోజున అతనూ ఆ పిల్లని చూశాడు.

టెస్టు పిల్ల అంటే ప్రింటర్ల కంపెనీ మెకానిక్కులకి ఇచ్చే పరీక్ష బొమ్మ. తెల్లగా, బొద్దుగా, తలలో రిబ్బనుతో నవ్వే పాప. ఆ పాప ఎవరో ఎవరికీ తెలీదు. స్పిరిట్ ఉద్యోగంలో చేరినప్పుడూ నవ్వుతోంది, ఇప్పుడూ నవ్వుతోంది. ఎక్కడ ఏ ప్రింటరుకి జబ్బు చేసినా ముందు ఆ పిల్లని అచ్చు తీస్తారు. కళ్ళు, కనుబొమలు, రిబ్బను ముడి సరిగ్గా పడితే మిషన్ బాగున్నట్టే లెక్క. ఆ తర్వాత ఏమొచ్చినా మిషన్‌ది కాదు.

ఆ పిల్ల బ్రహ్మాండంగా వచ్చింది.

“చూశావా తమ్ముడూ, మిషన్‌కేం లేదు,” అన్నాడు స్పిరిట్. తొమ్మిది పాసుల్నీ ఒకసారి తిరగేశాడు. కంప్యూటర్లో వాటి ఫొటోలు తెరిచి చూశాడు. తెర మీద మనుషులు మనుషుల్లాగే ఉన్నారు. అందరూ మంచి నలుపు. ఆయనకి విషయం అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాడు. “ఫొటోలు కాస్త చీకటిగా పడ్డాయి. వెలుతురు పెంచి తియ్యండి. కావాలంటే మొహానికి కాస్త పౌడర్ రాయించండి. తెలుపు పెరిగితే అచ్చు పడుతుంది.”

గుమాస్తా పడీ పడీ నవ్వాడు. “భలే చెప్పారండీ. రిపేరు మిషన్‌కి కాదు, మొహాలకి.”

స్పిరిట్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది ఆయనకి.

అప్పుడే కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. నడుముకి అట్టపెట్టెలు అతికించే టేపు గన్ను వేలాడుతోంది. గిడ్డంగిలో ఆవిణ్ణి టేపక్క అంటారు. ఆవిడ పెట్టె మూసిందంటే గోరు పెట్టి లాగినా అంచు లేవదు. తన పాసు అందుకుని, కిటికీ వెలుతురులో అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“ఇందులో నేనెక్కడున్నానన్నా?” అని అడిగింది స్పిరిట్‌ని.

“ఫొటో సరిగ్గా పడలేదమ్మా. కొంచెం పౌడర్ రాసుకుని మళ్ళీ తీయించుకో.”

ఆవిడ కాసేపు ఆలోచించింది. కోపంగా కాదు, లెక్క సరిపోతుందా లేదా అని చూసుకుంటున్నట్టు.

“పౌడర్ రాసుకుని ఫొటో దిగితే, రోజూ పౌడర్ రాసుకునే రావాలి కదా. లేకపోతే ఫొటోకీ నాకూ పోలిక ఎక్కడుంటుంది? చెమట పట్టిన రోజు నన్ను బయటికి పంపేస్తారా?”

గుమాస్తా అందుకున్నాడు. “అక్కా, నీకు ఇంకో ఇరవై రోజులైతే ఏడాది నిండుతుంది. పర్మనెంటు పట్టీలో పేరెక్కుతుంది. ఇప్పుడెందుకు పంతాలు? మూడు రోజులు వరసగా గేటు దాటకపోతే పేరు కొట్టేస్తారు, తెలుసుగా. మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు.”

“పదకొండు నెలలు ఈ మొహంతోనే వచ్చాను తమ్ముడూ,” అని ఆవిడ పాసుని జాకెట్లో దోపుకుని పనిలోకి వెళ్ళిపోయింది.

స్పిరిట్ రిపోర్టు పుస్తకం తీశాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుందని సర్వీసు ఆఫీసులో పేరు. మిషన్ సక్రమంగా పనిచేస్తోంది, పరీక్ష బొమ్మ స్పష్టంగా వచ్చింది, లోపం ఫొటోలలో ఉంది, ముఖాలకు పౌడర్ రాసి తగిన వెలుతురులో మళ్ళీ తీయవలసిందిగా సలహా ఇవ్వడమైనది అని రాసి, కింద సంతకం పెట్టాడు. గుమాస్తా ఒక కాపీ చింపి ఫైల్లో పెట్టాడు. చేతులు దులుపుకుని స్పిరిట్ ఇంకో చోటికి వెళ్ళాడు. ఆ రోజు ఇంకా మూడు ప్రింటర్లున్నాయి.

*

బుధవారం పొద్దున మళ్ళీ అక్కడికే పిలుపొచ్చింది. రెండో షిఫ్టులో ఇంకో నలుగురికి మచ్చలే పడ్డాయట.

ఆయన వచ్చేసరికి గేటు ముందు వరస కదులుతోంది. కాపలా పెద్దాయన ఒక్కో పాసుని అందుకుని, మనిషి చెంప పక్కన పెట్టి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, పాసునీ మొహాన్నీ రెండుసార్లు చూసి వదులుతున్నాడు. తలపైన కెమెరా ఆయన్నే చూస్తోంది. వరసలో కొందరి మెడ ఒక రంగు, మొహం ఒక రంగు. పౌడర్ చెవుల దగ్గర గీత కట్టి ఆగిపోయింది. వాళ్ళు ఎవరి వంకా చూడకుండా నడుస్తున్నారు. స్పిరిట్ లెక్కపెట్టలేదు గానీ, ఎనిమిది మంది ఉంటారని ఆయనకి తెలుసు.

తొమ్మిదో మనిషి టేపక్క. ఆవిడ మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, మామూలుగా వచ్చింది.

పెద్దాయన పాసుని ఆవిడ చెంప పక్కన పెట్టాడు. దించాడు. మళ్ళీ పెట్టాడు.

“ఇందులో ఎవరున్నారో నాకెలా తెలుస్తుందమ్మాయ్?”

“నేనే బాబాయ్. మొన్న నీ మనవరాలికి కొన్న చెప్పులు నాకేగా చూపించావు. ఒక నంబరు పెద్దవి, మార్చుకో అని నేనేగా చెప్పాను.”

“నువ్వెవరో నాకు తెలుసు. పాసుకి తెలీదు.” పెద్దాయన గొంతు తగ్గించాడు. “నాకు తెలుసని పంపిస్తే రేపు ఈ కుర్చీలో ఇంకొకడు కూచుంటాడు. అందరూ రాసుకున్నారు. నువ్వూ కాస్త రాసుకుంటే ఏం పోయింది?”

“ఏం పోతుందో నాకూ తెలీదు బాబాయ్. ఏదో పోతుందనిపిస్తోంది.”

వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు. ఆవిడ పక్కకి జరిగింది. స్పిరిట్ తన సంచీ సర్దుకుంటున్నట్టు తల దించుకుని ఆఫీసులోకి దూరిపోయాడు. నిన్న కూడా ఆవిడ ఇలాగే వెనక్కి వెళ్ళిందని గుమాస్తా చెప్పాడు. “రెండ్రోజులయింది. రేపు పదింటికి మేనేజరు గారి దగ్గరికి గైర్హాజరు పట్టీ వెళ్తుంది. మొండి మనిషండీ. చెప్తే వినదు.”

ఆ రోజు స్పిరిట్ మనసు పెట్టి పనిచేశాడు. కాగితాన్ని నల్లబరిచేది హెడ్డు వేడే కాబట్టి దాన్ని మూడు మెట్లు తగ్గించాడు. మచ్చ నలుపు పోయి బూడిదరంగుకి దిగింది, లోపల మొహం మాత్రం లేదు. పైగా గీతల కోడు వెలిసిపోయి, గేటు దగ్గరి మిషన్ దాన్ని చదవనే లేదు. వేడి మళ్ళీ పెంచాడు. కేబులు మార్చాడు. ప్రింటరు ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఇంకో కంపెనీ కాగితం చుట్ట వేశాడు. ఏం చేసినా టెస్టు పిల్ల నవ్వుతూ వస్తుంది, గిడ్డంగి మనుషులు మచ్చలుగా వస్తారు. మధ్యాహ్నానికి బల్ల మీద టెస్టు పిల్లలు పదహారు మంది పోగయ్యారు. ఆ నవ్వు చూస్తే ఆయనకి మొదటిసారి ఒళ్ళు మండింది.

“వీళ్ళవి కాకుండా బయటి ఫొటో ఏదైనా వేసి చూడండి,” అన్నాడు గుమాస్తా.

సలహా బాగానే ఉంది. స్పిరిట్ తన ఫోన్లోంచి ఒక ఫొటో కంప్యూటర్లోకి పంపాడు. పట్టపగలు, మంచి ఎండలో, ఇంటి మేడ మీద తనే తీసిన ఫొటో. వెలుతురుకి వంక పెట్టడానికి లేదు. ప్రింటరు గుర్రుమని చీటీ బయటికి తోసింది.

కోడిగుడ్డంత నల్ల మచ్చ. మధ్యలో తెల్లటి పళ్ళ వరస.

గుమాస్తా చీటీ లాక్కుని చూసి పొట్ట పట్టుకున్నాడు. “ఎవరండీ ఈ బొగ్గు మూట? పళ్ళు లేకపోతే ఎటువైపు మొహమో కూడా తెలిసేది కాదు.”

“మా అమ్మాయి,” అన్నాడు స్పిరిట్.

గుమాస్తా నాలిక్కరుచుకున్నాడు. చీటీని చాలా మర్యాదగా రెండు చేతుల్తో బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళి అరగంట దాకా రాలేదు. అతను చెడ్డవాడేం కాదు. సోమవారం స్పిరిట్ ఎలా నవ్వాడో అతనూ అలాగే నవ్వాడు. స్పిరిట్‌ని కుంగదీసింది అదే.

*

సాయంత్రం ఆయన చొక్కా ఉతకడానికి తీసిన కూతురు, దాని జేబులో చీటీ చూసి వంటింట్లోకి పట్టుకొచ్చింది.

“నాన్నా, నేనేనా ఇది?”

ఆ పిల్లకి ఇరవై రెండు. తండ్రి రంగే. ఉద్యోగాల కోసం దరఖాస్తులు పెడుతోంది. దరఖాస్తుకి అంటించే ఫొటోలో స్టూడియోవాడు రెండు ఛాయలు తెలుపు పెంచి ఇచ్చాడు. అలా పెంచమని వాళ్ళమ్మే చెప్పింది. ఆ ఫొటో వచ్చిన రోజు కూతురు దాన్ని చాలాసేపు చూసి, “ఈ అమ్మాయికి ఉద్యోగం వస్తే నన్ను రానిస్తారా?” అంది. అందరూ హాస్యం అనుకున్నారు.

“పారెయ్యవే, దరిద్రంగా ఉంది,” అంది భార్య, చెయ్యి చాచి.

కూతురు ఇవ్వలేదు. దీపం కింద పెట్టి చూస్తూ, “పళ్ళు మాత్రం బాగున్నాయి. నాన్నా, మీ మిషన్‌కి నేను కనపడలేదా, లేకపోతే దానికి చూడటం ఇంతవరకే వచ్చా?” అంది.

స్పిరిట్ కళ్ళు వంటింటి అరలో పరిచిన పాత పేపరు మీద ఉన్నాయి. ఎవరో ముసలాయన ఫొటో. నల్లటి మనిషి. ఆ పేపరుకీ నల్ల సిరా ఒక్కటే, బూడిదరంగు సిరా లేదు. అయినా ముసలాయన చెంప గుంటలు, కళ్ళ కింద ముడతలు అన్నీ కనిపిస్తున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ చుక్కలు. నీడ ఉన్న చోట ఒత్తుగా, వెలుగున్న చోట పల్చగా.

ఆయన ఆ పేపరు మూలని పైకెత్తి మళ్ళీ చూశాడు.

చీటీల ప్రింటరుకి రెండే తెలుసు, చుక్క పెట్టడం, పెట్టకపోవడం. ఫొటోని చుక్కల లెక్కకి, అంటే బిట్‌మ్యాప్‌గా, మార్చి పంపేటప్పుడు కంప్యూటర్లోని పాసుల ప్రోగ్రాం నడిమి గీత ఒకటి గీస్తుంది. దానికి ఇవతల ఉన్న రంగంతా తెలుపు, అవతల ఉన్నదంతా నలుపు. అలా నరికెయ్యకుండా చుక్కలు చల్లమని చెప్పడానికి ఆ ప్రోగ్రాంలోనే ఒక మీట ఉంటుంది. డిథరింగ్ అంటారు. మొదట ఎక్కించినప్పుడు అది వేసే ఉంటుంది. పోయిన నెల ఆ ప్రింటరు బిగించిన రోజు, కంపెనీ గుర్తు అంచులు గరుగ్గా వస్తున్నాయని మేనేజరు మొహం ముడుచుకుంటే, ఆ మీట తీసేసింది తనే. గుర్తు కత్తితో కోసినట్టు వచ్చింది. మేనేజరు మెచ్చుకున్నాడు. టెస్టు పిల్ల నవ్వుతూ వచ్చింది. ఆ పిల్ల ఒంటి రంగు మొత్తం గీతకి ఇవతలే ఉంది మరి, చుక్కలతో దానికేం పని.

“భోజనానికి లేవండి,” అంది భార్య.

ఆయన చీటీ కూతురి చేతిలోంచి తీసుకుని మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

*

గురువారం పిలుపు లేకుండానే వెళ్ళాడు. వేరే చోట రెండు పనులున్నాయి, వాటిని పక్కన పెట్టాడు. బస్సు దారిలో ఆగిపోయి తొమ్మిదిన్నరకి గానీ చేరలేకపోయాడు. గుమాస్తా కుర్చీ జరిపి ఇచ్చాడు, నిన్నటి సిగ్గు ఇంకా పోలేదు.

మీట వెతకడానికి రెండు నిమిషాలు పట్టింది. ‘లేదు’ అని ఉన్నదాన్ని ‘ఉంది’ అని మార్చాడు. టేపక్క ఫొటో తెరిచి అచ్చు కొట్టాడు.

చీటీ వెచ్చగా బయటికొచ్చింది. అందులో ఒక మనిషి ఉంది. కనుబొమల మధ్య నిలువు ముడత ఉంది. ఎడమ చెవి కుడిదానికంటే కాస్త పైకి ఉంది. గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. పైపెదవి కింద నీడ కూడా ఉంది. స్పిరిట్ దాన్ని తెర మీది ఫొటో పక్కన పెట్టి పోల్చి చూశాడు. సంతోషమేమీ కలగలేదు. ఇది సోమవారమే రెండు నిమిషాల్లో అయిపోయే పని.

“కానీ గుర్తు అంచులు మళ్ళీ గరుగ్గా వచ్చాయండీ,” అన్నాడు గుమాస్తా భయంగా. “మేనేజరు గారు ఒప్పుకోరు.”

గుర్తుకి చుక్కలు లేకుండా, ఫొటోకి మాత్రం చుక్కలు వచ్చేలా రెంటినీ విడదీయడానికి ఇంకో గంట పట్టింది. ఆ గంట గురించి కూడా ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. గుర్తు సంగతి వదిలేసి అప్పుడే పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో. పదకొండు దగ్గర పడుతుండగా పాసు పట్టుకుని గేటు బయటికొచ్చాడు.

టేపక్క రోడ్డుకి అవతల, రేకుల నీడలో అరుగు మీద కూర్చుని ఉంది. అన్నం గిన్నె ఒళ్ళో ఉంది, మూత తీయలేదు. రోడ్డు దాటి వస్తున్న ఆయన్ని చూసి లేచి నిలబడింది.

“అమ్మా, ఇదిగో. వచ్చింది.”

ఆవిడ పాసు అందుకుని చూసుకుంది. బొటనవేలితో గడ్డం మీది పుట్టుమచ్చని తడిమింది. “పౌడర్ లేకుండానే?”

“పౌడర్ అక్కర్లేదమ్మా. తప్పు మిషన్‌లో ఉంది. కాదు, నాది. నేను పెట్టిన పద్ధతిలో ఉంది.”

ఆవిడ గిన్నె చంకలో పెట్టుకుని గబగబా గేటు దగ్గరికి నడిచింది. పెద్దాయన పాసుని చెంప పక్కన పెట్టి, ఒక్కసారే చూసి, మొహమంతా వికసించి, “పో అమ్మాయ్, పో. ఇప్పుడు నువ్వే,” అన్నాడు. ఆవిడ కోడుని మిషన్‌కి చూపించింది. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ చూపించింది. మళ్ళీ ఎరుపే.

గుమాస్తా కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. “పదింటికి పట్టీ వెళ్ళిపోయిందక్కా. నంబరు తీసేశారు.”

*

మేనేజరు గది మేడ మీద ఉంది. ఆయన కసురుకునే మనిషి కాదు. కూర్చోమన్నాడు, ఫ్యాను ఇటు తిప్పాడు, చెప్పిందంతా విన్నాడు. విన్నాక ఫైలు తెరిచి సోమవారం నాటి రిపోర్టు తీసి స్పిరిట్ ముందు పెట్టాడు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదేనండి. అది తప్పు రిపోర్టు. అందుకే ఇంకొకటి రాసిస్తాను.”

“ముఖాలకు పౌడర్ రాసి ఫొటోలు తీయవలసిందిగా సలహా. మీరే రాశారు. ఎనిమిది మంది పాటించారు, ఎనిమిది మందీ పని చేసుకుంటున్నారు. ఒక్కావిడ పాటించలేదు. సాంకేతిక సలహా పాటించక, సరైన పాసు లేక, మూడు రోజులు గైర్హాజరు. నేను కొత్తగా రాసిందేం లేదు. మీ మాటే ఎత్తి రాశాను.”

“ఆ మాట నేను అనకూడనిదండి.”

“అన్నారు కదా.” మేనేజరు నిజంగానే జాలిగా చూశాడు. “మిషన్ బాగుచేశారు, సంతోషం. అచ్చు చాలా బాగుంది. ఆవిడ రేపు కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటే తీసుకోవచ్చేమో చూద్దాం. ఒకటో రోజు నుంచి.”

స్పిరిట్ అక్కడే కూర్చుని రెండో రిపోర్టు రాశాడు. ప్రింటరు బిగించినప్పుడు నేను మార్చిన అమరిక వల్ల నల్లని ముఖాలు అచ్చు కాలేదు, ఫొటోలలో గాని మనుషులలో గాని ఏ లోపమూ లేదు, నా మొదటి రిపోర్టు ఆధారంగా ఎవరిమీదా చర్య తీసుకోకూడదు అని. ముత్యాల్లాంటి చేతిరాత ఆ రోజు వంకర్లు పోయింది. మధ్యలో సర్వీసు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. రెండు చోట్ల పనులు ఎగ్గొట్టి ఎక్కడున్నావని అడిగారు. చెప్పాడు.

“తప్పు మనదని రాసిస్తున్నావా? నీకేమైనా మతి పోయిందా? బాగుచేశాను, పనిచేస్తోంది అని రాసి రా.”

“అదీ రాశాను సార్. ఇదీ రాశాను.”

“ఇంకోసారి ఆ గేటు తొక్కే పని లేదు నీకు. సోమవారం వెళ్ళి ఆఖరి సంతకం పెట్టేసి రా, తర్వాత ఇంకొకర్ని పంపుతా.”

మేనేజరు రెండో కాగితాన్ని మొదటిదాని వెనక పెట్టి, పంచింగ్ మిషన్‌తో కన్నాలు పొడిచి, ఫైలు దారం ముడేశాడు. మొదటిది పైన ఉంది కాబట్టి తెరిచినవాళ్ళకి అదే కనపడుతుంది.

కిందికొచ్చేసరికి అరుగు మీద ఎవరూ లేరు.

*

సోమవారం ఆయన గేటు దగ్గరికి వచ్చేసరికి వరస చురుగ్గా కదులుతోంది. ఎవరి మొహానా పౌడర్ లేదు. పాసు చెంప పక్కన పెట్టడం, తీయడం, వెళ్ళమనడం. మచ్చలన్నీ మనుషులైపోయారు. ఎవరో ఒకావిడ ఆయన్ని చూసి నవ్వింది కూడా. క్షణం పాటు ఆయనకి కాస్త ఊపిరాడినట్టయింది.

అప్పుడు పెద్దాయన కుర్చీ వెనక గోడకి కొత్తగా అంటించిన కాగితం కనిపించింది. ‘తొలగింపబడినవారు, లోనికి అనుమతించరాదు’ అని పైన ఉంది. కింద నలుగురి ఫొటోలు. మూడు ఎవరివో మగవాళ్ళవి. నాలుగోది ఆయనకి బాగా తెలుసు. కనుబొమల మధ్య నిలువు ముడత, గడ్డం మీద పుట్టుమచ్చ, పైపెదవి కింద నీడ. పాసు మీదకంటే నాలుగింతలు పెద్దగా, ఎంతో చక్కగా వచ్చింది.

“అచ్చు బాగుందని మేనేజరు గారే వేయించారండీ,” అన్నాడు గుమాస్తా కిటికీలోంచి, కళ్ళు కలపకుండా.

టేపక్క వరస చివర నిలబడి ఉంది. లోపల పెట్టెలో తన చెప్పులు, గ్లాసు, పాత శాలువా ఉండిపోయాయట, తీసుకుని పోతానంటోంది. వరస అయిపోయాక ముందుకొచ్చింది. పెద్దాయన లేచి, గోడ మీది కాగితాన్ని ఊడదీసి, అలవాటు ప్రకారం ఆవిడ చెంప పక్కన పెట్టాడు. కళ్ళద్దాలు జార్చుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

“నువ్వే అమ్మాయ్,” అన్నాడు నెమ్మదిగా. “లోపలికి పంపకూడదు. ఎవరిచేతైనా తెప్పిస్తాను, ఇక్కడే ఉండు.”

ఆవిడ తన ఫొటోని చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

“మరి పోయినవారం నేనెవర్ని బాబాయ్?”

పెద్దాయన కాగితాన్ని గోడకి మళ్ళీ అంటించడానికి వెనక్కి తిరిగాడు. ఒక మూల టేపు ఊడిపోయి కాగితం వేలాడుతోంది. ఎంత నొక్కినా అంటుకోవడం లేదు. ఆవిడ కాసేపు చూసి, చెయ్యి చాచి, బొటనవేలితో ఆ మూలని ఒక్కసారి అదిమి అంటించింది. మరి లేవలేదు.

స్పిరిట్ ఆఫీసులోకి వెళ్ళాడు. గుమాస్తా రిపోర్టు పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. అచ్చు నాణ్యత అన్న గడి ఖాళీగా ఉంది. స్పష్టంగా ఉంది అని ఆయన రాశాడు.